డబ్బాకి మర్యాద

"మూసెయ్ ఈ దుకాణం. మేడమ్ గారి టైము కూడా దండగ."

షావుకారు గుమ్మంలో నిలబడే అన్నాడు.

లోపల ఒకటే గది. ఒకప్పుడు ఎరువుల బస్తాలు పేర్చేవాళ్ళు. ఇప్పుడొక బల్ల, రెండు పాత కంప్యూటర్లు, గోడ పొడుగునా వైర్లు. ఊరంతా 'వైర్ల పిల్ల' అని పిలిచే అమ్మాయి బల్ల వెనక నిలబడి ఉంది. ఎదురు కుర్చీలో పట్నం నుంచి వచ్చిన మేడమ్. పల్లెల్లో పుట్టే టెక్నాలజీ కంపెనీలకు చేయూతనిచ్చే కేంద్రం ఆవిడని పంపింది. ఇవాళ ఆవిడ కళ్ళముందు ఒక్క బేరం కుదిరితే పిల్ల కంపెనీ నిలబడినట్టే. కుదరకపోతే గదికి తాళమే.

ఆ పిల్ల తయారుచేసింది కంటికి కనబడేది కాదు. అదొక ఫోన్ నంబరు. రైతు ఫోన్ చేసి తన దగ్గర ఏం సరుకుందో చెబితే చాలు. అవతలి గొంతు పట్నంలో కొనేవాళ్ళని వెతికి, ధర చెప్పి, అమ్మమంటారా అని అడుగుతుంది. ఆ గొంతు కూడా పిల్లదే, రికార్డు చేసి పెట్టింది. మధ్యలో షావుకారు ఉండడు.

అందుకే షావుకారుకి కంటి మీద కునుకు లేదు. ముందు గదికి కరెంటు పీకించాడు. ఆ మర్నాటికల్లా కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు వెలిశాయి. ఈసారి రైతులనే పిలిచి చెప్పాడు, ఆ నంబరుకి ఫోన్ చేసినవాడి బస్తా తన కాటా ఎక్కదని. అది బాగా పనిచేసింది. వాకిట్లో జనం మూగారు గానీ, జేబులోంచి ఫోన్ తీసినవాడు లేడు.

"ఎవరూ ముందుకు రారా?" అంది మేడమ్.

పిల్ల వాకిలి వైపు చూసింది.

షావుకారు లోపలికి వచ్చి కప్పు వైపు చెయ్యి చూపించాడు. "ఆ ప్యానెళ్ళు ఎవడు కొనిచ్చాడే నీకు? నీ వెనక ఎవడున్నాడో చెప్పు, ఇప్పుడే వదిలేస్తా."

"అమ్మ కొనిచ్చిందండి."

వాకిట్లో నవ్వులు. పిల్ల తల్లి బట్టలు కుట్టి బతుకుతుంది.

"మీ అమ్మా? ఎన్ని చొక్కాలు కుట్టిందేమిటి, ఏనుగులకి గానీ కుట్టిందా?"

మేడమ్ నిట్టూర్చి పెన్నుకి మూత పెట్టింది.

షావుకారుకి అది చాలలేదు. ఊరికే మూతపడితే రేపు ఇంకోచోట తెరుస్తుంది. నవ్వులపాలు కావాలి. ఈ ఊళ్ళో మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తకూడదు.

"ఆగండి మేడమ్. ఎవరూ లేకపోతే నేను లేనూ? మా గోదాము నిండా మొక్కజొన్న ఉంది. దాన్ని అమ్మి చూపించమనండి."

"సరుకు మీదేనా?"

"మా ఇంట్లో నాది కానిదేముంది?"

పిల్ల అతని వైపు చూసింది. "ఒక్క మాట షావుకారు గారూ. దానితో కాస్త మర్యాదగా మాట్లాడండి, దానికి అలాగే అలవాటు. అమ్మడం ఇష్టం లేకపోతే వద్దండీ అనండి. ఇంట్లో అడగాలనుకుంటే ఆవిడకు అనో అన్నకు అనో చెబితే చాలు, వాళ్ళ నంబరు మా దగ్గరుంటే కలుపుతుంది. మనవాళ్ళు ఇంట్లో అడక్కుండా ఏదీ అమ్మరు కదా."

"డబ్బాకి మర్యాదా?" షావుకారు వాకిలి వైపు తిరిగి నవ్వాడు. ఊళ్ళో ఎవరినీ 'అండి' అని ఎరగడు. ఇప్పుడు ఈ డబ్బాతో మొదలుపెడతాడా?

తన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, నంబరు నొక్కాడు. సరుకు సంగతి చెప్పాడు. కాసేపటికి పిల్ల గొంతు ధర పలికింది. వాకిట్లో గుసగుసలు రేగాయి. షావుకారు ఇన్నేళ్ళలో ఎవరికీ ఇవ్వని ధర అది.

"అమ్మమంటారా అండీ?"

షావుకారు మేడమ్ వంక చూశాడు. జనం వంక చూశాడు. అక్షరం అక్షరం నమిలినట్టు అన్నాడు.

"అమ్మకు."

ఫోన్ ఒక్క క్షణం ఆలోచించింది.

"అలాగేనండీ. అమ్మకు కలుపుతున్నాను."

వాకిలంతా గొల్లుమంది. షావుకారు తొడ చరుచుకున్నాడు. "విన్నారా మేడమ్? అమ్మకు అంటే అమ్మొద్దని. పాలుతాగే పిల్లాడికైనా తెలుస్తుంది. దీన్ని నమ్ముకుని రైతులు సరుకు పెట్టాలట."

మేడమ్ సంచీ భుజాన వేసుకుంది. ఫోన్ మోగుతూనే ఉంది.

పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. "కట్ చెయ్యండి. మీకు దండం పెడతాను." బల్ల మీదుగా వంగి ఫోన్ అందుకోబోయింది.

షావుకారు చెయ్యి పైకెత్తాడు. "సిగ్గేస్తోందా? మోగనీ. మా అమ్మకి ఫోన్ అంటేనే గిట్టదు. నాది మోగితే చెవులు మూసుకుంటుంది. ఇది ఏ ఊరి అమ్మకు కలిపిందో అందరం విందాం."

మోత ఆగింది. అవతల ఎవరో ఎత్తారు. పిల్ల గొంతు బేరమంతా మళ్ళీ మొదటి నుంచి అప్పజెప్పి, అమ్మమంటారా అని అడిగింది.

"అమ్మెయ్ తల్లీ," అంది షావుకారు పొద్దున్నే లేస్తూ వినే గొంతు, "గోదాము తాళాలు నేనే పంపిస్తా, ఆ ప్యానెళ్ళు కొనిచ్చింది నేనని మాత్రం మావాడికి చెప్పకు."