దర్జీ కోటు

"ఎవరికి బాప్తిస్మం ఇద్దామని వచ్చారు పాస్టరు గారూ? నాన్నని నిన్ననే పూడ్చేశాం."

మా బ్రూక్లిన్ ఇంటి గుమ్మంలో, మెడలో శిలువతో నిలబడ్డాడు అన్న లీబ్. సంతాపానికి కూర్చున్న పొట్టి బల్ల మీంచి నేను లేవలేదు.

"నేనూ మీతో కూర్చుంటానురా, హిర్ష్." ప్రసంగాలు చేసి చేసి, గొంతుకి తేనె పూసుకున్నట్టు మాట్లాడతాడు.

"చచ్చినవాడు కూర్చుంటాడా? నువ్వు యేసులో కలిసి, మన యూదుల్నే మతం మార్చే పనికి దిగిన రోజు, బిడ్డ చచ్చాడని నాన్న కోటు చించుకున్నాడు. ఇదిగో, కళ్లారా చూసుకో."

వెనక కొక్కేనికున్న కోటు లాగి వాడి మీదకి విసిరాను.

వాడు ఛాతీ దగ్గర చిరుగు తడిమాడు.

"బిడ్డ పోయాడని చించుకున్నది నెల తిరిగాక కుట్టుకోవచ్చనే కదరా మన ఆచారం? నాన్న దర్జీ. ఇన్నేళ్లూ ఎందుకు కుట్టుకోలేదు?"

మూల కూర్చున్న అమ్మ తలెత్తకుండానే చెప్పింది.

"నేను కుట్టేస్తానని ఏటా అడిగాను. 'ఇంకా నెల తిరగలేదే' అనేవారు మీ నాన్న."



"ఆ శిలువ చొక్కాలో దోపుకో," అని, బల్ల మీద కాస్త పక్కకి జరిగాను.