ఆఖరి ముప్పై పేజీలు

పెళ్లయి ఎనిమిదేళ్లయినా, పెళ్లాం టీలో పంచదార వేసుకుంటుందో లేదో ఢిల్లీబాబుకి తెలియదు. తను చదువుతున్న నవలలో వరసపెట్టి హత్యలు చేసేవాడు ఏ చేత్తో కత్తి పడతాడో మాత్రం కంఠతా వచ్చు. లక్ష్మీప్రియకి ఒళ్లు మండదూ?

"ఆకరి ముప్పై పేజీలేనే. పొద్దున్నొచ్చి సదూతాను," అంటూ పలాస జీడి ఫ్యాక్టరీకి నైట్ డ్యూటీకి బయల్దేరాడు.

"నన్నెప్పుడైనా అంత ఇదిగా సూసినావా, మావా?"

అతను గేటు దాటగానే ఆ ముప్పై పేజీలూ చింపి, జీడితొక్కలతో పాటు పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీదే టీ కాచుకుని, రెండు చెంచాల పంచదార వేసుకుని తాగింది. తలుపు గడియ పెట్టి పడుకుంది.

అర్ధరాత్రి ముందుగదిలో పేజీ తిప్పిన చప్పుడైంది. కాసేపటికి ఇంకొకటి. ఎవరో తీరిగ్గా చదువుతున్నారు.

మొగుడికి ఫోన్ చేసింది. "మావా, ఇంటికొచ్చేసినావేటి?"

"మిషన్ల కాడున్నానే. తొంగో."

పేజీలు తిరిగి తిరిగి, చింపిన చోట ఆగిపోయాయి. అట్ట మూసుకుంది. కుర్చీ కిర్రుమంది. అడుగులు ఆమె గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాయి.

"తప్పు నాదే బాబూ," అంది లక్ష్మీప్రియ చీకట్లోకి. "నేనే కాల్సీసినాను. ఎవుడు సంపేడో నేనూ సూళ్లేదు."