నీలి నాలుక

పాచివాసన పసిగట్టి రంగు చల్లే మిషన్లు ప్రతి వంటింటికీ వచ్చాక, రాత్రంతా బయట ఉన్న అన్నం తెల్లారేసరికి నీలమైపోతోంది. తిన్నవాళ్ల నాలుక రోజంతా నీలమే. పాచిపని చేసేవాళ్లు పాచన్నం తినకూడదట! అందుకే అపార్ట్‌మెంట్‌లో పనివాళ్ల గేటు నాలుక చూసి గానీ తెరుచుకోదు. మూడుసార్లు నీలం కనిపిస్తే పని పోయినట్టే.

పైడమ్మకు ఇది మూడోసారి. నీలాపనింద అందామంటే నీలం నిజమే.

తాళం కార్డు వెనక్కి తీసుకోవడానికి, ఆమె పనిచేసే ఇంటావిడ వాగ్దేవిగారే కిందికి దిగివచ్చారు.

"రాత్రి అన్నం తింటే రోగాలొస్తాయని ఎన్నిసార్లు చెప్పాలి?"

"చిన్నప్పట్నించీ తింటన్నాను అమ్మగారూ. రేతిరి నీళ్లోసి, పొద్దున్న ఉల్లిపాయ నంజుకుని. ఏ రోగమూ రాలేదు. చీకటితో బయల్దేరేదాన్ని, పొద్దున్నే ఏం వండుకోను?"

"అదంతా నాకు తెలీదు!" అని ఆవిడ నోరంతా తెరిచి అరిచారు.

ఆ నాలుక పైడమ్మ నాలుక కన్నా నీలంగా ఉంది. పొద్దున్న తినడానికని ఆవిడ అడిగితే, రోజూ సాయంత్రం అన్నంలో మజ్జిగ కలిపి మూతపెట్టి వెళ్లేది పైడమ్మే.

"అమ్మగారూ, మీ నాలుక..."

వాగ్దేవిగారు కార్డు లాక్కున్నారు.

"మా గేటు నాలుక చూడదు పైడమ్మా."