బకెట్టులో మందారం

"అక్కా, దారిలో నాలుగు నర్సరీలు దాటొచ్చాం. వాటిల్లో లేని మట్టి ఇక్కడేముంది?"

చెల్లెలు ఆటో దిగుతూనే మొదలుపెట్టింది. అక్క పెయింటు బకెట్టును పొట్టకి ఆనించుకుని జాగ్రత్తగా దిగింది. అందులో మందార మొక్క. ఆకులన్నీ రాలిపోయి కొమ్మలు మాత్రం మిగిలాయి.

కొడుకు ఇంటికి తెచ్చిన ఆఖరి వస్తువు అది. వాడు పోయాక ఆమె దానికి పొద్దునా నీళ్ళే, సాయంత్రమూ నీళ్ళే పోసింది. బతికించుకోవాలన్న ఆత్రంలో వేర్లు కుళ్ళబెట్టింది. ఇక అది దక్కాలంటే తెలిసినవాళ్ళ చేతిలో పెట్టాల్సిందే.

"ఇంతకీ ఈ నర్సరీ సంగతి నీకెవరు చెప్పారు?"

"పేపర్లో ఫొటో చూశాను."

"మొక్కలమ్మేవాళ్ళకి పేపర్లో ఫొటోలు కూడానా!"

గేటు దాటగానే అక్క తనిఖీ మొదలైంది. గులాబీ ఆకులు తిప్పి అడుగున పురుగుందేమో చూసింది. కుండీలో వేలు దించి తడి చూసింది. ఎరువు కుప్ప దగ్గర వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఈ బల్లల కింద నీళ్ళు నిలిచాయి చూడు. దోమలు చేరతాయి. జ్వరం వస్తే ఎవరిది పూచీ?"

"మొక్కలకి కూడా జ్వరాలొస్తాయా అక్కా?" అని నవ్వింది చెల్లెలు. అక్క నవ్వలేదు.

నర్సరీ యజమాని ఎదురొచ్చాడు. నలభై దాటని బక్కపల్చటి మనిషి. ముక్కూ నోరూ మూసే మాస్కు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు.

చెల్లెలు అక్క చెవిలో గొణిగింది. "ఒంటికి మట్టి అంటకుండా మొక్కలు పెంచుతాడట. సోకు చూడు."

"ఉండనీ. అదే మంచిది," అంది అక్క కసురుతున్నట్టుగా.

యజమాని బకెట్టు వంక చూశాడు. అక్క దాన్ని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. చెల్లెలే అందుకుంది.

"మా అక్క కొడుకు తెచ్చిన మొక్కండీ. నిరుడు వానల్లో బండి జారి పడ్డాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఇదొక్కటన్నా దక్కితే చాలు."

ఆయన చిన్న చాకుతో కొమ్మ మీది బెరడు కొద్దిగా గీరాడు.

"చూడండమ్మా, లోపల పచ్చగానే ఉంది. పాత మట్టి దులిపేసి, కుళ్ళిన వేర్లు కోసి, వేరే కుండీలోకి మార్చాలి."

"కొత్తచోటు దానికి పడుతుందా?"

"మొదట్లో మొండికేస్తుందమ్మా. కొన్ని అసలు నాటుకోవు. నాటుకుందా, ఇక దిగుల్లేదు."

"మీరే చూసుకుంటారా? పనివాళ్ళకి వదిలేస్తారా?"

"నేనే చూస్తాను."

"రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోతారా మీరు?"

"అక్కా!" చెల్లెలు నెత్తి కొట్టుకుంది. "మొక్కనిస్తున్నావా, పిల్లనిస్తున్నావా?"

ఆయన గట్టిగా నవ్వేశాడు. నవ్వుతూనే దారికి అడ్డంగా ఉన్న ఎరువు బస్తా జరపబోయాడు.

"ఏమండీ! బస్తాలు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" కౌంటరు వెనక నుంచి ఆయన భార్య కేకేసింది. మాత్రలూ మంచినీళ్ళూ పట్టుకుని గబగబా వచ్చింది. ఆయన మింగేదాకా నడుం మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడింది.

"మా ఇంట్లో నేనూ కుండీలో మొక్కనేనమ్మా," అన్నాడాయన సిగ్గుపడుతూ. "వేళకి నీళ్ళు, వేళకి నీడ."

అక్క ఆ ఇల్లాలిని కళ్ళారా చూసింది. పొద్దుటి నుంచి బిగుసుకుని ఉన్న ఆమె ముఖం కాస్త సడలింది.

"మార్చి నాటినవాటిని ఎక్కడుంచుతారు? చూపించండి."

నీడపందిరి ఎత్తు మీద ఉంది. ఆయన ముందు నడిచాడు. చెల్లెలు సగం దారిలోనే మోకాళ్ళు పట్టుకుని ఆగిపోయింది. అక్క బకెట్టు మోస్తూనే ఆయన వెనకాలే, అడుగు తీసి అడుగు వేయడం గమనిస్తూ ఎక్కింది.

"మీకు ఆయాసం రాలేదే?"

"ఇప్పుడు రావట్లేదమ్మా."

పందిరి కింద వరసగా కుండీలు. ఎండిన కొమ్మల కణుపుల దగ్గర గోరంత చిగుళ్ళు. అక్క ఒక్కొక్కదాని దగ్గరా ఆగింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

ఆయన చేతులు చాచాడు. ఆమె బకెట్టు ఆయన ఛాతీకి ఆనించింది. ఆనించి వదల్లేదు. ఆమె కుడి అరచెయ్యి బకెట్టుకీ ఆయన చొక్కాకీ మధ్య ఉండిపోయింది. మొక్కను విడిచిపెట్టలేకపోతోందనుకుని ఆయన కదలకుండా నిలబడ్డాడు. అప్పుడే పైకొచ్చిన చెల్లెలు ఆ దృశ్యం చూడలేక అటు తిరిగి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నెలకోసారి వచ్చి చూసుకోండమ్మా," అన్నాడాయన చాలాసేపటికి.

"వస్తాను బాబూ. ఆ మాస్కు మాత్రం తీయకండి."

తిరుగు ఆటోలో చెల్లెలు ముక్కు చీదుకుని, నవ్వు తెచ్చుకుంది. "మొత్తానికి నీ పరీక్షలో ఒక నర్సరీ నెగ్గింది. మందారం బతుకుతుందంటావా?"

అక్క వినిపించుకోలేదు.

నిరుడు ఆస్పత్రిలో తను సంతకం పెట్టి ఇచ్చేసిన కొడుకు గుండె, ఆ చొక్కా వెనక కొట్టుకున్నట్టే, ఒళ్ళో ముడిచి పెట్టుకున్న ఆమె అరచేతిలో ఇంకా అదురుతూనే ఉంది.