అందరూ ఉదహరించిన వ్యాసం

ముప్పై ఎనిమిదోసారి కూడా అదే వ్యాసం. చదివే రాశారో, పక్కవాడి ఆధారాల పట్టీలోంచి ఎత్తి రాశారో! యూనివర్సిటీ పరిశోధన పత్రిక ఇరవై ఏళ్ళ సంచికలు ముందేసుకుని, ఎవరు ఎవరిని ఉదహరించారో లెక్కపెడుతున్న కాంట్రాక్టు లెక్చరర్ కాగితం మీద ఇంకో గీత గీశాడు. శిష్యుడి వ్యాసంలో గురువు, గురువు వ్యాసంలో శిష్యుడు. అంతా పరస్పర డబ్బా. ఆరేళ్ళు ఊరూరా తిరిగి తను రాసిన వ్యాసాన్ని మాత్రం ఉదహరించినవాడు ఒక్కడూ లేడు.

సంపాదకుడు గుమ్మంలోంచే కేకేశాడు.

“తేలిందా మాస్టారూ? ఎక్కువమంది ఉదహరించింది ఎవర్ని?”

“పేరు తేలిందండి. మనిషే తేలలేదు.”

“వెతకండి. ఖాళీగా ఉన్న పర్మనెంటు పోస్టు ఆయనకే ఇద్దామని కమిటీ తీర్మానం. మీరూ పెట్టుకున్నారు కదూ దరఖాస్తు? ఏం చేస్తాం, మీ లెక్క సున్నా.”

ఆ సున్నాని మింగి అతను బీరువా దగ్గరికి వెళ్ళాడు. అందరూ చెప్పిన సంచిక తీశాడు. వ్యాసం రెండువందల పదో పేజీలో ఉండాలి. సంచిక నూట అరవైతోనే అయిపోయింది.

కిటికీ పక్కన ప్రూఫులు దిద్దే పెద్దావిడని అడిగాడు. ఆవిడ కళ్ళజోడు తీసి పకపకా నవ్వింది.

“అది వ్యాసం కాదయ్యా! చివరి పేజీలో ‘రచయితలకు సూచనలు’ లేవూ? ఆధారాలు ఎలా రాయాలో చూపించడానికి నమూనా కావాలంటే, రచయిత పేరూ, వ్యాసం పేరూ, పేజీలూ అన్నీ నేనే అల్లాను.”

“మరి దీన్ని ‘లోతైన పరిశీలన’ అని మెచ్చుకున్నారే, పిన్నిగారూ!”

“లేని బావికి లోతు ఎంతైనా చెప్పొచ్చు. ఎవరితోనూ అనకు నాయనా, వచ్చే నెల్లో రిటైరవుతున్నాను. పరువు పోతుంది.”

అతనికి నవ్వు రాలేదు. ఒకడి ఎంగిలి ఇంకొకడు, వాడి ఎంగిలి మరొకడు. వీళ్ళ మధ్యనా పదకొండేళ్ళుగా తను చోటు అడుక్కుంటున్నది? నోరంతా చేదెక్కింది. కడిగెయ్యాలి. ఇవాళే, అందర్నీ పేరుపేరునా కడిగెయ్యాలి. కాగితాలు చంకన పెట్టుకుని విసవిసా సంపాదకుడి గదిలోకి నడిచాడు.

సంపాదకుడు తలెత్తాడు. “దొరికాడా? కలంపేరై ఉంటుందని కమిటీ అనుమానం. ఎవరండీ ఆ మహానుభావుడు?”

అతను కాగితాలు బల్లమీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“నేనేనండీ,” అన్నాడు.