కొండ మీద మొదటి స్థలం

గుర్రాల దాణా వ్యాపారంలో బాగా గడించిన మా మేయరు ఫినియస్ గ్రోవర్ గారి కరుణ అంతా ఇంతా కాదు. ఊరి బయట కొండను కొని, సమాధుల స్థలాలుగా విడగొట్టి అమ్మకానికి పెట్టారు. గాలి ఉంది, నీడ ఉంది, కింద నది కనిపిస్తుంది. కొనేవాళ్లే లేరు. అంత పెద్ద కొండ మీద మొదట ఒంటరిగా పడుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

అంతలో, పీపాలు చేసే ఏబెల్ టటిల్‌కి ఊపిరితిత్తుల జ్వరం వచ్చింది. మేయరు గారు మంచు తొక్కుకుంటూ రోజూ కోడి సూపు పట్టుకెళ్లి, మంచం పక్కనే కూర్చునేవారు.

"నదివైపు స్థలం నీకు ఉచితం, ఏబెల్. పాలరాయి కూడా నేనే వేయిస్తా."

"చర్చి పక్కన మా ఆవిడ దగ్గర చోటుంది కదండీ."

"బతికున్నన్నాళ్లూ పోట్లాడింది చాల్లేదా? ఇకనైనా ప్రశాంతంగా పడుకోవయ్యా!"

ఏబెల్ నవ్వబోయి, మేయరు గారి మొహం మీదే దగ్గాడు. "మీరింతలా అడుగుతుంటే కాదంటానా? సరే, కానివ్వండి."

సూపు బాగా పనిచేసింది. ఏబెల్ లేచి మళ్లీ పీపాలు బిగించుకుంటున్నాడు.

మేయరు గారికే దగ్గు పట్టుకుంది. మంచు కరగకముందే ఆయన్ని మోసుకుని ఊరంతా కొండెక్కాం. శ్మశానానికి ప్రారంభోత్సవం, ఎంతో ఘనంగా, ఆయన చేతుల మీదుగానే జరిగింది.