శీతాకాలం ముక్క

"ఇది ఆ చెయ్యి కాదు," అని తేల్చేశాడు గ్యోఅమి, చాప మీద మోకాళ్లతోనే వెనక్కి జరుగుతూ.

శీతాకాలం ముక్క గీసి తెచ్చిన జుగాన్ స్వామి తలెత్తి చూశాడు.

ప్రభువుగారి చీనా పటాన్ని గది పొడవునా పరిచారు. వసంతం, వేసవి, శరత్తు వరసగా ఉన్నాయి. చివరనున్న శీతాకాలం ముక్క కోట అంటుకున్నప్పుడు బుగ్గయిపోయింది. అతుకు తెలియకుండా ఆ ముక్క గీసిస్తే, యుద్ధంలో కాలిన గుడికి దేవదారు దూలాలిస్తానని సుగినో ప్రభువు మాటిచ్చాడు. మంచు పడేలోపు కప్పు పడకపోతే గుడిలోని ముసలి సన్యాసులు ఈ చలి దాటరు.

"సరిగ్గా చూడవయ్యా!" ప్రభువు విసుక్కున్నాడు. "రాజధాని నుంచి అతిథులొస్తున్నారు. నాకు నాలుగు కాలాలూ కావాలి."

"చూసే చెబుతున్నాను ప్రభూ. బొమ్మల మంచి చెడ్డలు చెప్పడానికే కదా నాకు కూడు పెడుతున్నారు!" గ్యోఅమి విసనకర్ర కొసతో వసంతం కొండను చూపించాడు. "ఎప్పుడో పోయిన చీనా గురువు గీత ఇది. రాతిని గొడ్డలితో చెక్కినట్టు లేదూ? ఒక్కటే వేటు. మరి స్వామివారి రాయి? నానిన పిండిముద్ద! ఆయన పైన్ చెట్టు గాలికి ఎదురు నిలబడింది. స్వామివారి చెట్టు చేతికర్ర కోసం వెతుక్కుంటోంది."

ప్రభువు పకపకా నవ్వాడు.

"కొండను సగమే గీసి, మిగతాది పొగమంచుకి వదిలేయడం... అది చీనా పద్ధతేనండీ," గొణిగాడు జుగాన్.

"పద్ధతి ఎవడైనా నేర్చుకుంటాడు స్వామీ. సిరా కలిసింది, కాగితం కలిసింది. చెయ్యే కలవలేదు. అది అరువు తెచ్చుకుంటే వచ్చేది కాదు."

జుగాన్ శరత్తు వైపు చూశాడు. ఆ కొండలు ఎంత ధీమాగా లేచాయో! తర్వాత తన మంచు కొండ వైపు చూశాడు. గ్యోఅమి అబద్ధమాడటం లేదు. ఏదో అనబోయి, పటం మొదట్లో ఉన్న ఎర్రటి చీనా ముద్ర చూసి ఆగిపోయాడు. ఆ ముద్రను నమ్మే ప్రభువు ఒక లోయను ధారపోసి దీన్ని కొన్నాడు.

"ఇంకొక్కసారి గీస్తాను ప్రభూ."

"వణికే చెయ్యి మళ్లీ గీస్తే వణకడం మానుతుందా?" అన్నాడు గ్యోఅమి.

"దూలాలు..."

"కోట గోడకే చాలడం లేదు. వెళ్లిరండి స్వామీ," అంటూ ప్రభువు లేచిపోయాడు.

కోట మెట్ల కింద దొన్‌కేయ్ కాచుకుని ఉన్నాడు. పడుచుతనంలో అతనూ జుగానూ ఒకే ఓడలో చీనా వెళ్లొచ్చిన సన్యాసులు. సన్నగా మంచు మొదలైంది. అతని గుండు మీద అప్పుడే తెల్లగా పడుతోంది.

"ఏమోయ్, దూలాలు ఎప్పుడు తోలుతారట?"

"తోలరు. నా చెయ్యి ఆ గురువు చేతితో కలవలేదట."

దొన్‌కేయ్ అతని భుజం పట్టుకుని ఆపాడు.

"ఎలా కలవదు జుగాన్? చీనా సత్రంలో పూటకూటికి నువ్వు గీసి అమ్ముకున్న పటమేగా అది!"